మిగతా సగం గ్లాసు

రఫీ అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. మన బ్లాగర్లం ఆ ఆట మళ్లీ మొదలుపెట్టాం. ఎవరి వింత అలవాట్లు వాళ్లు రాసి, తర్వాతి వంతు ఇంకొకరికి అప్పగించాలి. దారిలో ఎవరు కరపత్రం ఇచ్చినా అక్కడే నిలబడి చివరిదాకా చదువుతానని, అందులో అబద్ధం కనబడితే పంచినవాడితోనే గొడవకు దిగుతానని నేను రాశాను. తర్వాతి వంతు నీకిచ్చాను.

పొద్దున ఆట నడిపే మునిరత్నం తిరుపతి నుంచి ఫోన్ చేశాడు.

"పోయినోడు యాడ రాస్తాడప్పా? వేరే పేరు పెట్టు."

"అన్న పేరు తీస్తే నా పేరూ తీసెయ్. ఆయన వంతు నేను రాస్తా."

"నీకు పిచ్చి పట్టిండాదబ్బా."

"అలవాట్లలో అదీ రాసుకో."

ఆ కోపంతోనే పూతలపట్టులో మనం ఎప్పుడూ ఆగే టీ కొట్టుకు వెళ్లాను. నీ వంతు అక్కడే కూర్చుని రాశాను: "రఫీ అలవాటు: వాదనలో చేతులు ఊపి టీ ఒలకబోసే తమ్ముడికి మొదట సగం గ్లాసే ఇప్పిస్తాడు. వాడు చల్లబడ్డాకే మిగతా సగం." మునిరత్నం తీసేస్తే మళ్లీ పెడతాను. ఎన్నిసార్లయినా పెడతాను.

కొట్టాయన నా ముఖం చూసి, అడగకుండానే సగం పోశాడు. తాగి కాసేపు కూర్చున్నాను. మిగతా సగం నేనే అడిగాను.