కథలో పెద్దావిడ

3-2-76
నా కథ అచ్చయింది. కలం పేరుతో. సెన్సారు వాళ్ళు ఒక్క వాక్యమూ కొయ్యలేదు — ఈ ఎమర్జెన్సీ రోజుల్లో.
మధ్యాహ్నం మనవరాలు లలిత పత్రిక పట్టుకుని వంటింటి గుమ్మంలో చేరింది. నేను మడిలో, పొయ్యి దగ్గర.
"మామ్మా, ఇందులో పెద్దావిడ మడి కట్టుకుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తియ్యరుట. అచ్చం నువ్వే."
కోడలు జానకి దాని నెత్తిన మొట్టింది. "తప్పు. పెద్దవాళ్ళని అలా అంటారా?"
చారులో ఉప్పు మరిచాను. అందరూ తిన్నారు. ఉప్పు లేదని ఎవరూ అనలేదు.

4-2-76
మడిలో ఉన్నంతసేపూ ఎవరూ ముట్టుకోరు, పలకరించరు. కథ అప్పుడే నడుస్తుంది — కథలో పెద్దావిడ మనసులో మాట, ఆగకుండా... మడి విడిచాక కాగితం మీద పెడతాను. చిత్తుప్రతి పొయ్యిలోకి.

6-2-76
భోజనాల దగ్గర అబ్బాయి నరసింహం ఆ కథే ఎత్తాడు. అమలాపురం కాలేజీలో తోటి లెక్చరర్లంతా చదివారట.
"ఇంగ్లీషు నవలలు బాగా నమిలినవాడెవడోనమ్మా. ఆడవాళ్ళ మనసు ఎంత బాగా పట్టేడో."
మజ్జిగ వడ్డించాను.

9-2-76
పోలీసులు. పత్రిక వాళ్ళ దగ్గరున్నది నరసింహం పేరు, మా ఇంటి చిరునామా. వాడికి తెలియకుండా నేనిచ్చిందే.
"నోరెత్తితే శిక్ష వేసే ఆ పెద్దావిడ ఎవరండీ, లెక్చరరు గారూ? ఢిల్లీ ఆవిడేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.
మా వాడు తెలియదన్నాడు. నిజంగానే తెలియదు. రేపు స్టేషనుకు రమ్మన్నారు.
ముమ్మిడివరంలో ఒక మాస్టారినీ ఇలాగే రమ్మన్నారు. ఇంకా ఇల్లు చేరలేదు.

10-2-76
పొద్దున్నే వాడితో చెప్పాను. కథ నాదని.
"ఊరుకో అమ్మా. నన్ను కాపాడ్డానికి ఇదొకటా?"
స్టేషనుకు నేనూ వెళ్ళాను. రాసింది నేను, ఆ పెద్దావిడ ఢిల్లీలో లేదు, నేనే — అన్నాను. ఇన్‌స్పెక్టరు లేచి కుర్చీ వేశాడు.
"కొడుకు కోసం ఏ తల్లయినా అంటుందండి, మామ్మగారూ. చిత్తుప్రతి ఉందా?"
"కాల్చేశాను."
"మరి మీ ఇల్లు అలా ఉంటుందని ఇంకెవరు చెబుతారండీ?"
వాణ్ణి అక్కడే ఉంచేశారు.
సాయంత్రం ఇన్‌స్పెక్టరే వచ్చి ఇంటి సంగతి జానకిని అడిగాడు. తలుపు చాటున, తల వంచుకుని చెప్పింది —
"మా అత్తగారు అలాంటివారు కారండీ. కన్నకూతురిలా చూసుకుంటారు. అందరం నవ్వుతూనే ఉంటామండీ."
కథలో కోడలు వచ్చినవాళ్ళతో ఈ మాటలే అంటుంది. ఆయన గమనించలేదు.

11-2-76
నరసింహాన్ని రేపు జైలుకు పంపుతారట. ఈలోగా జానకి స్టేషనుకు వచ్చి నిజం చెబితే ఆలోచిస్తానని ఇన్‌స్పెక్టరు కబురు.
పిలిచాను. గుమ్మం అవతలే నిలబడింది. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. నేనంటే భయమని చెప్పు, ఇంట్లో నీ మాట సాగదని చెప్పు.
కళ్ళు తుడుచుకుంది. "ఆయ్. మీరెలా చెప్పమంటే అలాగేనండి."
"అలా కాదు. ఎవరు చెప్పమన్నారని అడుగుతాడు. నీ అంతట నువ్వు చెప్పాలి."
"ఆయ్. నా అంతట నన్నే చెప్పమన్నారని చెబుతానండి."