కోర్టులో పది గంటల మౌనం

ఫిబ్రవరి 3, సోమవారం. ఉదయం 7:10

నలభై నాలుగేళ్ల వయసులో, అమెరికాలో, కమ్యూనిటీ కాలేజీలో క్రిమినల్ జస్టిస్ చదువుతున్నాను. ఇక్కడ రెండేళ్లు అయ్యాక యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్. అక్కడ ఇంకో రెండేళ్లకి డిగ్రీ. ఆపైన, శిక్షపడినవాళ్లు దారి తప్పకుండా చూసే ప్రొబేషన్ ఆఫీసర్ ఉద్యోగం!

దీనికంతటికీ ప్రొఫెసర్ హోల్ట్ క్లాసులో బి గ్రేడు రావాలి. అందుకు ట్రాఫిక్ కోర్టులో పది గంటలు కూర్చుని రిపోర్టు రాయాలి. షరతు: ఎవరితోనూ మాట్లాడకూడదు, ఎవరికీ సాయం చేయకూడదు. ఇంతకంటే సులువైన హోంవర్కు ఉంటుందా?

"పది గంటలు నువ్వు మాట్లాడకుండానా, శ్రీవల్లీ?" అని మా ఆయన లోకేష్ కాఫీ కప్పు కింద పెట్టి మరీ నవ్వాడు. నవ్వనీ.

ఫిబ్రవరి 6, గురువారం

రెండు గంటలు పూర్తి. పద్నాలుగు కేసులు, ఆరు పేజీలు. నోరు విప్పితే ఒట్టు. ఒకాయనకి చొక్కా టక్ చేసుకోమని సైగ చేశాను, అంతే. సైగ మాట కాదు.

ఫిబ్రవరి 13, గురువారం

నాలుగు గంటలు. స్మృతి అని ఎం.ఎస్. స్టూడెంటట, అతివేగానికి పడిన స్పీడింగ్ టికెట్‌తో వచ్చి నా పక్కన కూర్చుంది. "ఆంటీ, జడ్జి గారితో ఏం చెప్పాలి?"

కాగితం మీద రాసిచ్చాను:
1. ఫోన్ ఆపు.
2. "కానీ" అనకు.
3. చూయింగ్ గమ్ తీసెయ్.

రాయడం నా హోంవర్కులో భాగమే.

ఫిబ్రవరి 20, గురువారం

ఆరు గంటలు. స్మృతి ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టిందట: "గురువారాలు కోర్టులో వెనక బెంచీలో మన ఆంటీ ఉంటారు." ఐదుగురు వచ్చారు. ఒకావిడ ఇన్సూరెన్సు కాగితాలతో పాటు కజ్జికాయలు కూడా తెచ్చింది. గుసగుసగానే చెప్పాను. గుసగుస సగం మాటే కదా.

ఫిబ్రవరి 27, గురువారం. 11:40

అయిపోయింది.

స్టాప్ సైన్ దగ్గర కారు ఆపలేదని రామమోహన్ గారి మీద కేసు. డెబ్బై రెండేళ్ల మనిషి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలన్నారు. కోర్టువాళ్లకి ఫోన్‌లో ఎవరూ దొరకలేదు. తెలుగు వచ్చినవాళ్లు ఉన్నారా అని జడ్జి అడిగింది. వెనక బెంచీ మొత్తం నా వైపు తిరిగింది. నా చెయ్యి దానంతటదే లేచింది.

కారు ఆపారా అని జడ్జి ప్రశ్న.

"ఎందుకమ్మా ఆపడం, రోడ్డు మీద పిట్ట కూడా లేదు కదా," అన్నారాయన నాతో.

పెద్దాయన ఇరుక్కుపోతాడని భయమేసింది. "ఆపి, రెండు పక్కలా చూసుకునే వెళ్లానంటున్నారు," అని ఇంగ్లీషులో జడ్జికి చెప్పాను.

ఆయన గొంతు సవరించుకుని, నాకంటే చక్కటి ఇంగ్లీషులో, "నేనలా అనలేదు. నేను ఆపలేదు," అన్నారు.

ముప్పై ఏళ్లు గుంటూరులో ఇంగ్లీషు లెక్చరరట. జడ్జి యాస అర్థంకాక ఇంటర్‌ప్రెటర్‌ని అడిగారట.

"మీరెవరు?" అంది జడ్జి నాతో.

"క్రిమినల్ జస్టిస్ స్టూడెంట్‌ని."

హాలంతా నవ్వింది. నన్ను బయటికి పంపేశారు. కాసేపటికి రామమోహన్ గారు వచ్చి, "ఏమీ అనుకోకమ్మా. అనువాదం తప్పే గానీ, నీ గ్రామర్ బాగుంది," అన్నారు.

మార్చి 3, సోమవారం

కోర్టువాళ్లు చెప్పేశారట, హోల్ట్ నుంచి మెయిల్. ఆరు గంటలూ రద్దు. వేరే ఊరి కోర్టులో మొదటినుంచి పది గంటలు. ఈసారీ తప్పితే సి గ్రేడు, ట్రాన్స్‌ఫర్ ఉండదు.

ప్రొబేషన్ ఆఫీసర్ అవుదామనుకున్నదాన్ని, కోర్టులో నిలబడి అబద్ధమాడాను. సిగ్గుతో అన్నం సహించలేదు. లోకేష్ ఈసారి నవ్వలేదు. అది ఇంకా బాధగా ఉంది.

మార్చి 6, గురువారం. 9:00

కొత్త కోర్టు. కొత్త నోట్‌బుక్. పెదవులు బిగించాను.

9:05. పక్క సీటావిడ నా వైపు వంగి, "మీరు తెలుగువాళ్లాండీ?" అంది.

"కాదండీ," అన్నాను.

9:06. మళ్లీ సున్నా నుంచి మొదలు.