దుమ్ము పడని పంచె

1966 మార్చి 13, ఆదివారం

ఆరాధన అయ్యాక సంఘపెద్ద సామ్యేల్ నన్ను గోడ పక్కకు పిలిచాడు. ఆయన గని ఆఫీసులో హెడ్ క్లర్క్. పోయిన ఏడు భార్య చనిపోయింది, ఇద్దరు చిన్నపిల్లలు. మళ్లీ పెండ్లికి ఎవరని ఉపవాసం ఉండి అడిగితే ప్రభువు సుసన్న ముఖం చూపించాడట. నా బిడ్డ ముఖం. ఇది నా మాట కాదు యోబన్నా, ఆయన చిత్తం, నువ్వు కాదంటే నన్ను కాదన్నట్టు కాదు, ఆయనను కాదన్నట్టు అన్నాడు.

నేను సరే అనలేదు. కాదని కూడా అనలేదు. చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. నా భార్య సువార్త బతికి ఉంటే ఏదో ఒకటి చెప్పేది. నాకు మాట జల్ది రాదు.

మార్చి 19

సుసన్న వచ్చింది. మంచిర్యాల బడిలో టీచర్, హాస్టల్లోనే ఉంటుంది, శనివారం శనివారం వస్తుంది. విషయం చెబితే నవ్వింది. ఆయనకు చెప్పిన దేవుడు నాకెందుకు చెప్పలే బాపు, నా అడ్రస్ తెల్వదా అన్నది. తర్వాత నవ్వలేదు. ఆ ఇంటికి పోతే బడి మానాలట. పిల్లలను చూస్తందుకు మనిషి గావాలె ఆయనకు, దానికి ప్రభువెందుకు, ఆయాను పెట్టుకుంటే సరిపాయె అన్నది.

తప్పు మాట అని కసిరాను. తప్పు కాదని నాకు తెలుసు.

మార్చి 21

మోకాళ్లూనాను. ఏమీ వినపడలేదు.

మార్చి 27

సామ్యేల్ మళ్లీ అడిగాడు. పాస్టరు అయ్యగారు కూడా అడిగారు. దేవుడు ఊకున్నడంటే ఒప్పుకున్నట్టే అనుకోవాలె యోబూ అన్నారు. నేను కూడా ఊరుకున్నాను. నాదీ ఒప్పుకున్నట్టే అనుకున్నారు.

మార్చి 30, సాయంత్రం

బైబిల్లో గిద్యోను గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ని గుర్తు అడిగాడు. నా దగ్గర గుడికి కట్టుకునే పంచె ఉంది.

మా ఇల్లు బొగ్గు బంకర్ పక్కనే. అక్కడ వ్యాగన్లకు బొగ్గు ఎత్తుతుంటే లేచే దుమ్మంతా ఈ వాడ మీదే పడుతుంది. రాత్రి బట్ట బయట ఉంటే పొద్దునకు నల్లబడుతుంది. పడకుండా ఒక్క రాత్రి కూడా నేను చూడలేదు. పొద్దు ఉండగానే వాకిట్లో మంచం మీద పంచె పరిచాను. ప్రభువా, ఇది నీ మాటే అయితే తెల్లారేసరికి దీని మీద దుమ్ము ఉండొద్దు అన్నాను.

ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. దుమ్ము పడుతుందనే పరిచాను. కాదు అనే మాట నా బదులు అదే చెబుతుందని.

మార్చి 31

పంచె తెల్లగా ఉంది.

వేలితో రుద్దాను. వేలికీ ఏమీ అంటలేదు.

ఏప్రిల్ 2

అయ్యగారికి చెప్పాను. సామ్యేల్‌కు మాట ఇచ్చాను. సాయంత్రం సుసన్నకు చెప్పాను. పంచె తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నువ్వంటే కాదంటుంటి బాపు, ఇగ ఆయనతోని ఏమంటా అన్నది. లోపలికి పోయి పొయ్యి ముట్టించింది.

ఏప్రిల్ 10, ఈస్టరు

అయ్యగారు నా పంచె మీదనే ప్రసంగం చేశారు. బొగ్గు దుమ్ము సైతం ఆయన మాట విన్నదన్నారు. నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. అందరూ స్తోత్రం అన్నారు. సుసన్న తలెత్తలేదు. బయటికి వచ్చాక ఒక ముసలమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

ఏప్రిల్ 17

మొదటి పెండ్లి ప్రకటన చదివారు. మూడు ఆదివారాలు చదవాలి.

ఏప్రిల్ 22

పక్కింటి ఎల్లేశం బంకర్‌లో పని చేస్తాడు. షిఫ్టు దిగి వచ్చి గడపలో కూర్చున్నాడు. ఏంది కాక, మీ అయ్యగారు నీ పంచె మీద కత చెప్తుండట, ఏనాడు పరిచినవ్ అని అడిగాడు. చెప్పాను. పడీ పడీ నవ్వాడు. ఆ రాత్రి వ్యాగన్లు రాలే కాక, బంకర్ బంద్, మేమంత తట్టలు తలకింద పెట్టుకొని పన్నం అన్నాడు. వాళ్లమ్మ పోశవ్వ లోపలి నుంచి, అవ్ గదా, ఆ పొద్దు నా చీర సుత తెల్లగనే ఉండె, సబ్బు మంచిది దొరికిందనుకున్న అన్నది.

పోశవ్వ ఏ దేవుణ్నీ ఏమీ అడగలేదు.

ఏప్రిల్ 23

సుసన్న పెట్టెతో వచ్చింది. రిజైన్ కాగితం ఇచ్చిందట. హెడ్‌మాస్టరమ్మ సోమవారం దాకా ఆలోచించుకో, అప్పటిదాకా పైకి పంపను అన్నదట. ఆలోచించేది నేను గాదు గదా అన్నది నా బిడ్డ.

చెప్పాలి. అన్నం తినేటప్పుడు చెబుదామనుకున్నాను. తిన్నాక చెబుదామనుకున్నాను.

ఏప్రిల్ 24

రెండో ప్రకటన. అయిపోయాక అయ్యగారికి బంకర్ సంగతి చెప్పాను. ఆ వ్యాగన్లను ఆపింది దేవుడు గాదని నీకెట్ల తెలుసు యోబూ అన్నారు.

చెప్పులు తొడుక్కుని ఇంటికి వచ్చాను.

ఏప్రిల్ 28

నేను గనిలో ఉన్నప్పుడు పని మొదలుపెట్టే ముందు పైకప్పును గడ్డపారతో తట్టేవాళ్లం. గట్టిగా మోగితే పని. బోలుగా మోగితే వెనక్కి. మేనేజర్ చెప్పాలని ఎవరమూ ఆగేవాళ్లం కాదు. రాయి పడ్డాక నమ్ముదామనీ అనుకునేవాళ్లం కాదు.

సామ్యేల్ గోడ పక్కకు పిలిచిన రోజే నా లోపల బోలుగా మోగింది. నేనది నా పిరికితనం అనుకున్నాను. దేవుడు చెప్పింది అదేనేమో. నాకది చాలలేదు.

మే 1

మూడో ప్రకటన. ఎవరికన్నా అడ్డు ఉంటే ఇప్పుడే చెప్పాలె అన్నారు. లేచాను. మళ్లీ సాక్ష్యం అనుకుని జనం స్తోత్రం అన్నారు.

దేవుడు చెప్పలే, బంకర్ బందుండె అన్నాను.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ముసలాయనకు మతి చలించిందని సామ్యేల్ అన్నాడు. ఎండలకు అట్లనే అయితదని అయ్యగారు సర్దబోయారు. నా బిడ్డను ఇయ్య అన్నాను. ఇంత గట్టిగా నేను ఎప్పుడు మాట్లాడానో గుర్తు లేదు. సుసన్న లేచి ఒక్కతే బయటికి వెళ్లిపోయింది.

మే 5

పెద్దలు కూర్చున్నారట. క్షమాపణ చెప్పేదాకా నాకు ప్రభువు బల్ల లేదు, రొట్టె ద్రాక్షరసం ఇవ్వరు. దేవుని పేరు మీద అబద్ధం చెప్పానట. ఎప్పుడు చెప్పానని, పంచె నాడా మొన్ననా అని, అడగలేదు.

మే 7

సుసన్న రిజైన్ వెనక్కి తీసుకుందామని మంచిర్యాల పోయి వచ్చింది. బడిలో తన జాగాలో ఇంకొకామె చేరిందట. బంకర్ సంగతి ఎన్నడు తెలిసింది బాపు అని అడిగింది. చెప్పాను. అంటే నేను పెట్టె తెచ్చిననాడు నీకు తెలుసు అన్నది. తెలుసన్నాను.

సుసన్న అన్నది. బడి పోతే పోనీ. దేవుడన్నవని నా మనసును తొక్కి ఒప్పుకున్న. ఇప్పుడు దేవుడు గాదంటవు. రేపు ఆయన నిజంగ పిలిస్తే నేను ఎట్ల నమ్మాలె?

మే 9

పెద్దపల్లి పోయింది. అక్కడి బడుల్లో అడిగి వస్తానన్నది.

మే 15, ఆదివారం

గుడి గంట కొట్టారు. సుసన్న అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. ప్రార్థన నేను మొదలుపెడతానని ఆమె చూసింది. ఆమె పెడుతుందని నేను చూశాను.

అన్నం చల్లారింది. తిన్నాం.