ఏడుచుట్ల కోట నుంచి నర్సవ్వకు

నర్సవ్వా, రాం రాం.

నువ్వు పోయి ఐదు నెలలైంది. ఎట్లా ఉన్నావని అడగను. నీ మీద కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను... అది తగ్గేటట్టు లేదు. అందుకే కోపంతోనే రాస్తున్నాను.

నాందేడ్ రైల్వే క్వార్టర్లలో మన తెలుగువాళ్ళు నన్ను పిలిచి గద్దె మీద కూర్చోబెట్టారు. వారం రోజుల ప్రవచనం. ఆ వారంలోనే నీకు కడుపునొప్పి మొదలైంది. మన కర్ఖేలి స్టేషన్‌లో నాందేడ్ బండెక్కే ఎవరికైనా ఒక్క మాట చెప్పి పంపితే, ఆ పూటకే నా చెవిన పడేది. పక్కింటివాళ్ళు పంపుతామన్నారట కూడా. నువ్వే ఆపావట.

"ఆయన పోతి సదువుడు అయిపోనియ్యిండ్రి. నడిమిట్ల లేపితే పాపం నాకు తగుల్తది."

ఏ పోతిలో ఉంది నర్సవ్వా ఆ పాపం? మన పెళ్ళికి ముందు నుంచి ఆ పోతిని సంచిలో వేసుకుని తిరుగుతున్నవాణ్ణి. నీ దినాలు అయిపోయాక మొదటి పుట నుంచి చివరి పుటదాకా వెతికాను. లేదు. ఎక్కడా లేదు.

పిలిస్తే దేవుడు పలకకుండా ఉండడని నేను అక్కడ గొంతు చించుకుంటున్నాను. ఇక్కడ నువ్వు మొగుణ్ణి కూడా పిలవలేదు...

మన కూతురు సుశీల సంగతి చెప్పాలి. మర్ఖేల్‌లో అత్తగారింట పుట్టిన బిడ్డ ఏడవకుండానే పోయాక, ఒట్టి చేతులతో మన గడప తొక్కిన పిల్ల. తినేది కాదు, పలికేది కాదు. నేను పక్కన కూర్చుని పోతి చదివాను. ఆత్మకు చావు లేదన్నాను. అది గోడ వైపు తిరిగి పడుకుంది. నువ్వేమో తెల్లవారగానే దాని చెయ్యి పట్టుకుని ఊరవతల బీడులోకి తీసుకుపోయావు, ఏడుచుట్ల కోటకు.

కోట అంటే కోటా పాడా! నేలమీద మోకాటి ఎత్తు కూడా లేని రాళ్ళ వరసలు. పోయేది ఒకటే దారి. తప్పిపోయేది లేదు. కానీ నడిమి అందిందనుకోగానే మళ్ళీ బయటి చుట్టుకు తోసేస్తుంది. వరస దాటి అడ్డంగా నడవకూడదు. మీ అమ్మ నీకు చెప్పిన మాట నువ్వు పిల్లకు చెప్పావు.

"పోయేటప్పుడు మాట్లాడద్దు. నడిమిట్ల దాసుకోవద్దు. అచ్చేటప్పుడు ఆగద్దు."

గట్టు మీద నిలబడి చూసేవాణ్ణి. ముందు నువ్వు, నీ కొంగు పట్టుకుని అది. నడిమిలో గుప్పెడు జొన్నలు పిట్టలకు వదిలి, ఇద్దరూ కూర్చుని ఏడ్చేవాళ్ళు. లేచి అదే దారిన తిరిగొచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు పిల్ల రొట్టె అడిగింది. ఇంకొన్నాళ్ళకు నా ప్రవచనాన్ని వెక్కిరించింది. అప్పుడు నాకెంత ధైర్యం వచ్చిందో తెలుసా?

తల్లి కడుపులో ఉండి వ్యూహంలోకి పోయే దారి విన్న పిల్లవాడు, వచ్చే దారి వినక చచ్చిన కథ నేను చెప్తే జనం కళ్ళు తుడుచుకుంటారు. నువ్వు మాత్రం రొట్టెలు కొడుతూ నవ్వావు.

"ఏంది మహరాజ్, గంత పెద్ద వంశంల ఒక్క ముసల్దన్న లేకపాయెనా? కంచంల కుంకుమతోని గీసి, ఏలు పట్టి తిప్పితే ఆ పోరడు మర్లి అస్తుండె గదా!"

కాన్పు కష్టమైన ఆడదానికి కంచంలో కోట గీసి, వేలితో తిప్పించి, ఆ కుంకుమ నీళ్ళు తాగించే చెయ్యి నీది. నీకు నవ్వే హక్కుంది.

కానీ నడిమిట్ల దాచుకోవద్దన్నది ఎవరు? నువ్వే కదా? మరి కడుపులో ఆ నొప్పిని దాచుకున్నది ఎవరు? నేను బండి దిగి వచ్చేసరికి నీకు మాట కూడా లేదు. కళ్ళు తెరిచి చూశావు... గుర్తుపట్టావా? అదన్నా చెప్పరాదూ?

నువ్వు పోయిన రోజే సుశీల మళ్ళీ గోడ వైపు తిరిగింది. ఈసారి మరీ మొండిగా. కోటకు పోదాం లెమ్మన్నాను. బతిమాలాను, కసిరాను. ఎవరి కొంగు పట్టుకుని పోతుంది? నా ధోవతి అంచా? పిల్ల రోజురోజుకూ కరిగిపోతుంటే, ఊరూరా తిరిగి ధైర్యం చెప్పేవాణ్ణి, నా ఇంట్లో నోరు పడిపోయినవాడిలా కూర్చున్నాను. అది కూడా నీ వెనకే వస్తుందేమోనని భయం నర్సవ్వా.

ఇట్లా ఉండగా మన ఊరి సప్తాహం వచ్చింది. ఏడు రోజుల భజన, చివరి రోజు నా కీర్తన, ఆ తర్వాత ఊరంతటికీ భోజనం. చివరి రోజు పొద్దున పందిరి దగ్గరికి పోతే ఏం చూశానో తెలుసా? వంటవాళ్ళకు పొయ్యిరాళ్ళు తక్కువైతే, పెద్దలు బండి కట్టి పంపారట. కోట రాళ్ళన్నీ పీక్కొచ్చారు! గుండిగల కింద మీ అమ్మ నడిచిన వరసలు, నువ్వు నడిచిన వరసలు మండుతున్నాయి.

నా నోరు నీకు తెలుసు. రాముడి పేరు చెప్పుకుంటూ ఆడవాళ్ళ కన్నీళ్ళ మీద పప్పు ఉడకేస్తారా అన్నాను. పెద్దలు నవ్వారు. రాళ్ళకేం కరువు మహరాజ్, ఇంకో రెండు బండ్లు తెప్పిస్తామన్నారు. ఎక్కడి రాళ్ళు అక్కడికి పోయి, కోట నిలబడేదాకా గద్దె ఎక్కనన్నాను. కీర్తన కాకుండా వడ్డించే ఆనవాయితీ లేదు. ఊరంతా ఆకలితో నన్ను చూస్తోంది. చూడనీ!

ఇంటికొచ్చి కూడా అరుస్తూనే ఉన్నాను. సుశీలతో కాదు, నీ పీటతో, నీ కంచంతో. గోడ వైపున్న పిల్ల ఎప్పుడు లేచిందో చూడలేదు. చూసేసరికి గుమ్మం దాటి బీడు వైపు పోతోంది, చెప్పులు కూడా లేకుండా.

ఆకలికి చివరకు పెద్దలే తగ్గారు. వంట దిగాక పొయ్యిలు ఆర్పి, నల్లబడ్డ రాళ్ళను బండిలో తెచ్చి బీడులో కుప్ప పోశారు. ఎట్లా పేర్చాలో ఒక్కరికీ తెలియదు. వ్యూహం గురించి ఇన్నేళ్ళు గొంతు చించుకున్నవాణ్ణి కదా, నేనే ముందుకు దూకి పేర్చాను. మూడో చుట్టుకే దారి మూసుకుపోయింది. దేవుణ్ణి కూడా తిట్టాను.

అప్పటిదాకా గట్టు మీద నిలబడ్డ సుశీల వచ్చి నా చేతిలో రాయి తీసుకుంది. మట్టిలో కూర్చుని వేలితో నిలువు ఒక గీత, అడ్డం ఒక గీత గీసింది. నాలుగు మూలలు, నాలుగు చుక్కలు పెట్టింది. ఒక కొన నుంచి ఇంకో కొనకు విల్లులా వంచుకుంటూ పోయింది. నువ్వు కంచంలో గీసినట్టే. ఆడవాళ్ళు వేడి తగ్గని రాళ్ళను కొంగుల్లో మోసుకొచ్చారు. గీత మీద రాయి, రాయి పక్కన రాయి. మసి దాని మోచేతులదాకా అంటుకుంది.

అయ్యాక నా వైపు చూసింది. దాని నోట నీ మాట వచ్చింది...

"పోయేటప్పుడు మాట్లాడద్దు."

నోరు మూసుకుని పోయాను. నేను! ముందు అది, దాని కొంగు పట్టుకుని నేను. నడిమికి చేరాక దాచుకోలేదు. పందిరిదాకా వినబడేటట్టు నిన్ను తిట్టాను. ఎందుకు పిలవలేదే, ఎందుకు పిలవలేదే అని అరిచాను. గొంతు పోయింది. అక్కడే కూలబడ్డాను. ఇక లేవబుద్ధి కాలేదు... నువ్వు అక్కడే ఎక్కడో ఉన్నావనిపించింది. ఉన్నావా?

పిల్ల నా కండువా కొస పట్టి లాగింది. లేచాను.

ఆ రోజు నా కీర్తన బొంగురు గొంతుతోనే అయ్యింది. పంక్తిలో సుశీల మసి చేతులు కడుక్కుని కూర్చుంది. పప్పు రెండోసారి అడిగి వేయించుకుంది. నేను ఇస్తరాకు ముందు పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇదంతా విని నీ మీద కోపం పోయిందనుకోకు. పోలేదు. రోజూ పొద్దున అది ముందు, నేను వెనక కోటకు పోతున్నాం. నడిమిలో జొన్నలు పోసి రోజూ నిన్ను ఇంత తిడుతున్నాను. రేపు కూడా తిడతాను. నువ్వు వింటే విను, లేకుంటే లేదు.

అచ్చేటప్పుడు మాత్రం ఆగను. పిల్ల చేతిలో నా కండువా ఉంది.

కోపంతో,
నీ మహరాజ్