రాయి పగిలిన రోజు ఉలి

నాయనా,

నువ్వు పోయి ఏడాదైంది. నంద్యాల ఆఫీసులో మా సర్వర్ రోజూ మధ్యాహ్నానికల్లా మెమరీ నిండి ఆగిపోతుంటే, నెలరోజులుగా మెషీన్‌నే తిట్టాను. తప్పు నాదేనని ఈరోజు తేలింది. డేటాబేస్‌కు తెరిచిన కనెక్షన్‌ను పని సవ్యంగా అయితే నా ప్రోగ్రామ్ మూసేస్తోంది. పని మధ్యలో చెడితే మాత్రం తెరిచే వదిలేస్తోంది. అలా మూయనివన్నీ పేరుకుపోయి మెమరీని నింపేశాయి.

ఆళ్లగడ్డలో నీ దగ్గర శిల్పం చెక్కడం నేర్చుకునేటప్పుడు, నా చేతిలో రాతి నంది చెవి విరిగిన రోజు ఉలి విసిరేసి లేచాను. "రాయి పగిలితే పగిలిందిలే. ఉలి యాడరా? సంచిలో పెట్టి పో," అన్నావు.

ఆ మాటే ప్రోగ్రామ్‌లో ఒక వరుసగా రాశాను: పని చెడినా సరే, కనెక్షన్ మూసే పోవాలి. సాయంత్రం దాకా సర్వర్ ఆగలేదు.

"మీ నాయన సంచిలో ఒక ఉలి తక్కువుండాది," అని అమ్మ వెతుకుతోంది. అది నా బల్ల మీదుంది. ఇదొక్కటీ తిరిగి పెట్టలేను, నాయనా.