అన్నయ్య అడిగిన మందు పేరు

అన్నయ్యకి నాగేశ్వరి నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ కులాసా అని రాశావు గానీ, నీ కూతురు సంయుక్త నీకు తెలీకుండా నీ కాలి పుండు ఫొటో నాకు పంపింది. దాన్ని తిట్టకు. ఫోనులో కాలు మాట ఎత్తగానే కస్టమర్లు వచ్చారని పెట్టేస్తావు, అందుకే కొట్లో కూర్చుని ఇదంతా టైపు కొడుతున్నాను. మధ్యలో బేరం వస్తే ఆపి మళ్లీ కొడతాను, తప్పులుంటే సర్దుకో.

కొట్టు ఎలా ఉందని అడిగావు. బావుంది. ఆఫీసు పిల్లలు రాయదుర్గం మెట్రో మెట్ల మీద ఫోన్లు పగలగొట్టుకుంటున్నంత కాలం స్క్రీన్ గార్డులు వేసే నాకు ఢోకా లేదు. నిలబడడం మానేసి ఎత్తు స్టూలు మీద కూర్చునే వేస్తున్నాను. వదిన అడిగిన నైటీలు కొన్నాను, చేతికే ఇస్తాను.

కాలితో తొక్కకుండా కుట్టుమిషను ఎలా నడుస్తుందే అని వెటకారంగా రాశావు. బాలానగర్‌లో ఒకాయన్ని కనుక్కున్నాను. నీ మిషనుకి మోటారు బిగించి, మోచేత్తో నొక్కేలా మీట పెట్టిస్తాడట. ఆ సాకు అయిపోయింది.

మందు పేరు రాసి పంపమన్నావు. అది ఆఖర్న చెప్తాను.

ముందు పుణ్యవతి సిస్టర్ గురించి చెప్పాలి. నా అరికాలి పుండు ఏడాదైనా మానకపోతే, ఇక్కడి పెద్దాసుపత్రిలో షుగరు పుళ్ల మీద పరిశోధన చేస్తున్నారని తెలిసి చేరాను కదా. చేరే ముందు ఆవిడ గంటసేపు కాగితాలు చదివి వినిపించింది. సగం మందికి కొత్త మందు కలిపిన జెల్, సగం మందికి మందు లేని జెల్. ఎవరికేది వచ్చిందో నాకూ తెలీదు, ఆవిడకీ తెలీదు, ట్యూబు మీద నంబరు ఒక్కటే ఉంటుంది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు, మామూలు వైద్యం ఆగదు అని మూడుసార్లు చెప్పింది. నేను మాత్రం నాకు మందే వచ్చిందని మొదటి రోజే ఖాయం చేసుకున్నాను.

వారం వారం ఆవిడ పుండు కడిగేది, చచ్చిన చర్మం తీసేది, గాజులా కనిపించే గళ్ల షీటు పుండు మీద ఆనించి పెన్నుతో అంచు గీసేది, ఆ గీత లోపలి గళ్లు లెక్కపెట్టేది. మొదటి రోజు ముప్పై ఎనిమిది. వెంట్రుకవాసి తేడా పట్టే నా కళ్లకే అందేది కాదు, ఆవిడ అరగడి కూడా వదిలేది కాదు.

రెండో వారం కట్టు మీది పల్చటి పొర కింద బుడగ కనిపించింది. నా చేతులు ఊరుకుంటాయా? కొట్లో స్క్రీన్ గార్డు కింది గాలి తోసే కార్డు తీసుకుని బుడగని అంచుదాకా తోసేశాను. గ్లాసు అంటించినంత నున్నగా వచ్చింది! మర్నాడు ఆవిడ చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందమ్మా గిది? కాలుకు స్క్రీన్ గార్డు ఏసినవా?"

"బుడగ ఉందండి, అలవాటుగా..."

"అది బుడగ గాదు, పుండుల నీరు. తోసి తోసి మంచి తోలు మీదికి తెచ్చినవ్."

కాగితం తీసి రాయబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. "రాయకండి సిస్టర్, నన్ను తీసేస్తారు."

"తీసెయ్యరు గని రాస్త. తోసింది నీ తప్పు, దాచిపెడితె అది నా తప్పు. రేపు గీ కాయితాలు చూసే ఎవలి కాలుకో ఏం మందు ఎయ్యాల్నో చెప్తరు."

ఆ వారం గళ్లు నలభై ఒకటి. పెరిగినవి పెరిగినట్టే రాసింది. మూడు తగ్గించి వేస్తే ఎవరికి తెలుస్తుంది అన్నయ్యా? నేనైతే తగ్గించేదాన్నే.

పుండు మీద బరువు పడకుండా ఒక పెద్ద బూటు ఇచ్చారు. ఆవిడకి భయపడి కొట్లో కూడా విప్పలేదు. పద్నాలుగో వారానికి గీయడానికి అంచే మిగల్లేదు. "ఇగ ఏం గియ్యాలె?" అని పెన్నుకి మూత పెట్టి నవ్వింది.

ఆ రోజే నీకు ఫోన్ చేసి కొత్త మందు అద్భుతం అన్నాను. అది బయటికి వచ్చాక వాడతానని నువ్వు తణుకు డాక్టరు దగ్గర కట్టు కట్టించుకోవడం మానేశావు.

ఇప్పుడు దాచిన సంగతి. రెండు నెలల క్రితం పరిశోధన ముగిసి నన్ను పిలిచి చెప్పారు. నాకు వచ్చింది మందు లేని జెల్.

"మరి నా పుండు ఎలా మానిందండి?" అన్నాను.

"ఉత్తగనే మానిందా? వారం వారం కడిగినం, నువ్వు బూటు ఇప్పలే, షుగర్ దించుకున్నవ్. గది అందరికి చేసినం. కొత్త మందు దానికన్న ఎక్కువ చేస్తదా లేదా అన్నది ఇంక లెక్క తేలాలె. నిన్నొక్కదాన్ని చూసి చెప్తె అయితదా?"

నేనేమో మదీనాగూడలో మా వీధంతా కొత్త మందని చాటుకున్నదాన్ని. నామోషీ అనిపించింది. నీకు ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అంటూనే రెండు నెలలు గడిచాయి. ఈలోగా నీ బొటనవేలి అంచు నల్లబడింది. నా తప్పు రాయడానికి ఆవిడ ఒక్క నిమిషం ఆగలేదు, నేను రెండు నెలలు ఆగాను.

ఇవాళ పొద్దున ఆ ఫొటో ఆవిడకి చూపించాను. నవ్వే మనిషి నవ్వలేదు. "నలుపు చూసినంక ఆగొద్దు. రేపే తీస్కరమ్మను, పరిశోధన లేకున్న చూస్తం" అంది. వేలు దక్కుతుందని మాట ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

సంయుక్త ఈ సాయంత్రం బస్సుకి రెండు సీట్లు తీసింది. మదీనాగూడలో దిగండి, ఆటోలో కూర్చుని ఉంటాను. అందాకా మిషను ముట్టకు, వట్టి కాళ్లతో నడవకు.

మందు పేరు అడిగావుగా. ఏ షాపులోనూ దొరకదు, రాసుకో: పుణ్యవతి సిస్టర్, గాయాల విభాగం, మూడో అంతస్తు, రేపు ఉదయం తొమ్మిదింటికి.

ఇట్లు,
రెండు నెలలు ఆలస్యంగా నిజం చెప్పిన నీ చెల్లెలు
నాగేశ్వరి