అగ్గి దొరకు తెలుగు నేర్పినదెవరు?

బుకిత్ లాడా తోట,
తెలుక్ ఆన్సన్, మలాయీ దేశం.
1932 జనవరి 11

మహారాజశ్రీ హగ్గిన్ దొరగారి సముఖానికి, రబ్బరు తోట కూలి కూర్మయ్య వంగి దణ్ణాలు పెట్టి రాసుకున్నది.

ముందుగా నా చేతిరాతను మన్నించాలి. వీధిబడిలో మూడేళ్ళే చదివాను. నా అక్షరాలు వరసలో నిలబడవు. తప్పులుంటే నావే, కలానివి కావు.

ఇరవయ్యొక్క ఏళ్ళ కిందట తమరు ఈ తోటకు చిన్న దొరగా వచ్చినప్పుడు తెలుగు నేర్పినవాణ్ణి నేనే. తమ పేరు మాకు నోరు తిరగలేదు. ఎర్ర జుట్టు చూసి అగ్గి దొర అన్నాం.

మా పక్క కూలీ ఇళ్ళ లైనులో పుట్టిన యేసుదాసు ఇప్పుడు బ్రిక్‌ఫీల్డ్స్‌లో రైల్వే గుమాస్తా. మొన్న వచ్చి, "మావా, మన అగ్గి దొర బొమ్మ పేపర్లో పడినాది. లండన్‌లో పెద్ద కామెడీలో ఉన్నాడంట!" అన్నాడు. తమ అడ్రసు కూడా రాసి ఇచ్చాడు.

అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఇక్కడ సర్కసును కోమిడి అంటారు, అది మాకు తెలియనిది కాదు. ఏడాదికోసారి మలాయీవాళ్ళు ఊళ్ళో డేరా వేస్తారు. గుర్రాలు గుండ్రంగా తిరుగుతాయి. వాటి వెనక లద్దె ఎత్తే తట్ట పట్టుకుని ఒకడు తిరుగుతాడు. ఆ ఒకడు తమరేమో అని నా దిగులు.

తప్పు నాది. తెలుగు పరీక్ష గట్టెక్కితేనే తోటలో దొర ఉద్యోగం నిలుస్తుందని తెలిసీ నేర్పాను. నా ముందు పళ్ళు రెండు అప్పటికే లేవు. నేను పాలు అంటే పళ్ళు అని వినబడేది. పరీక్ష నాడు కూలీలందరినీ హాజరుకు నిలబెట్టిన పెరట్టులో తమరు, "అందరూ తొందరగా పళ్ళు గీయండి, పళ్ళు బకెట్లో పోయండి, ఒక్క పన్ను కింద పడినా ఊరుకోను" అన్నారు. రబ్బరు పాలు గీయమనడానికి. జనం విరగబడి నవ్వారు. తమ ఉద్యోగం పోయింది.

పరీక్ష దొర "ఇతనికి తెలుగు నేర్పినదెవడు?" అని మూడుసార్లు అడిగాడు. నేను బకెట్ల వెనక నిలబడ్డాను. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తమరు క్షమించానని ఒక్క ముక్క రాస్తే చాలు.

ఇట్లు,
తల ఎత్తలేని
కూర్మయ్య

తా.క. గుర్రం వెనక నిలబడకండి. పక్కన నిలబడండి.

*

లండన్.
1932 ఫిబ్రవరి 24

మేష్టరు కూర్మయ్య గారికి మీ శిష్యుడు పెర్సీ హగ్గిన్ దండాలెట్టి రాసినది.

మీ ఉత్తరం సూసి నాను గెంతినాను. ఇక్కడ నాతో తెలుగు మాటాడే మనిషి లేడు. అద్దంలో నాతో నానే మాటాడుకుంటాను. మీరు నేర్పిన నోటుబుక్కు ఇంకా నా బల్ల మీదే ఉంది.

మీరు ఇన్నది నిజమే. నాను కామెడీలోనే ఉన్నాను. చాలా సంతోషంగా ఉన్నాను. ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పని. రోజుకు రెండు మార్లు పడిపోతాను. శనివారం మూడు మార్లు. నాను ఎంత గట్టిగా పడితే జనం అంత సంతోషిస్తారు.

ఈ ఏడు నాకు ఇద్దరు పెళ్ళాలు. వచ్చే నెల ఒకర్తి పోయి కొత్తది వస్తాది. పాత ఆవిడ బాగా తిట్టేది, కొత్త ఆవిడ ఎలాగుంటాదో.

క్షమించడం ఏటి మేష్టరూ? మీరు నాకేటి అన్నాయం సేసినారని?

ఇట్లు,
మీ మొద్దు శిష్యుడు
పెర్సీ

తా.క. గుర్రం మాట అర్థం కాలేదు. నా నోటుబుక్కులో గుర్రం అంటే నాలుగు కాళ్ళది. ఇంకో అర్థం ఉందా?

*

బుకిత్ లాడా తోట.
1932 ఏప్రిల్ 4

దొరగారికి కూర్మయ్య దణ్ణాలు. ఇక్కడ మేమంతా కులాసా. తమరు కులాసాగా లేరని తెలిసి రాస్తున్నాను.

ఉత్తరం నా భార్య నూకమ్మకు చదివి వినిపించాను. రోజుకు రెండుసార్లు పడతారన్న చోట ఆవిడ కళ్ళొత్తుకుంది. పెళ్ళాల దగ్గరకు వచ్చేసరికి లేచి నిలబడింది. "గుర్రాల కాడ పనికి ఇద్దరేటి? నెలకోర్తి మారడవేటి? ఆ దొరకి బుద్ధి సెప్పీవోళ్ళు లేరేటి?" అంది. ఆవిడ ముందు నేను ఎప్పుడూ ఏమీ అనను.

తమరు మర్యాదస్తులు. కష్టం దాచి సంతోషం అని రాశారు. మనిషి పడితే నవ్వే జనం మంచి జనం కాదు. నేను సరిగ్గా నేర్పి ఉంటే తమరు ఈపాటికి ఈ తోటకు పెద్ద దొర. వరండాలో కూర్చుని మమ్మల్ని తిట్టేవారు. ఆ భాగ్యం తమకు లేకుండా చేశాను.

తమరిని పడేసేది ఒకే గుర్రమా, వేరువేరు గుర్రాలా? రాయండి. ఒకటే అయితే బెల్లం పెట్టి మచ్చిక చేసుకోవచ్చు.

ఇట్లు,
కూర్మయ్య

తా.క. పాత ఆవిడనే ఉంచుకోండని నూకమ్మ రాయమంది. తిట్టే ఆడది ఇల్లు నిలబెడుతుందట. ఇది ఆవిడ ఎదురుగా నిలబడి రాయించినది.

*

లండన్.
1932 మే 16

మేష్టరు కూర్మయ్య గారికి, నూకమ్మ గారికి దండాలు.

మేష్టరూ, గుర్రం లేదు. ఒక్కటీ లేదు. నన్ను ఎవలూ పడేయరు. ఎక్కడ పడాలో నానే రాసుకుంటాను, రాసుకున్న చోట పడతాను. పెళ్ళాలను కూడా నానే రాస్తాను. వాళ్ళ తిట్లూ నానే రాస్తాను.

నా సంగతి మొదటి నుంచి సెప్తాను. మీ తోట నుంచి ఓడ ఎక్కి వచ్చేసినాక సముద్రం ఒడ్డున బల్లల మీద నిలబడి పాటలు పాడినాను. వాన వస్తే వినేవోళ్ళు ఇద్దరు, అందులో ఒకడు గొడుగు అమ్మేవోడు. తరవాత యుద్ధం. బురదలో సిపాయిలను నవ్వించడం నా డ్యూటీ. తరవాత లండన్. ఇప్పుడు నాను రాసిన మాటలు నలుగురైదుగురు వేరే వేషగాళ్ళు కూడా సెప్తున్నారు.

కిందటి నెల నుంచి ఇంకా పెద్ద సంగతి. నన్ను గుడ్డ మీద వేసి ఊరూరా సూపిస్తన్నారు! పెద్ద తెల్ల గుడ్డ. జనం సీకట్లో కూసుని సూస్తారు.

ఇట్లు,
పెర్సీ

తా.క. మా అమ్మ కూడా వచ్చి సూసింది. గుడ్డ మీద నన్ను సూసి ఏడ్సింది. గర్వంతో.

*

బుకిత్ లాడా తోట.
1932 జూన్ 27

దొరగారికి,

తమ ఉత్తరం చదివి ఆదరాబాదరాగా రాస్తున్నాను. అక్షరాలు ఇంకా చెడ్డగా ఉంటాయి.

తెల్లగుడ్డ మీద వేసి ఊరూరా చూపిస్తున్నారని రాశారు. చీకట్లో జనం చుట్టూ కూర్చున్నారని రాశారు. తల్లి ఏడ్చిందని రాశారు. ఇక దాచడానికి ఏముంది? విరిగినది నడుమా, కాలా? గుర్రం లేదంటున్నారు. దెబ్బ తలకు తగిలి మరిచిపోయారేమో.

తలరాత బ్రహ్మ రాస్తాడని విన్నాను. తన పాటు తానే రాసుకునే మనిషిని వినలేదు. అంత విరక్తి ఎందుకు కలిగింది బాబూ?

తమరు ఇక్కడికి వచ్చేయండి. పాలు తూచే కొట్టులో కూర్చునే పని ఒకటి ఖాళీ ఉంది. దానికి పరీక్ష లేదు. నిలబడక్కర్లేదు. నేను జన్మలో ఎవరినీ ఏదీ అడగలేదు. రేపు పెద్ద దొర బంగళాకు వెళ్ళి ఆ పని తమకు అడుగుతాను. ఎందుకని అడిగితే, "తెలుగు నేర్పినది నేనే, చెడగొట్టినది నేనే" అని చెబుతాను. ఈసారి బకెట్ల వెనక నిలబడను.

ఇట్లు,
కూర్మయ్య

తా.క. నూకమ్మ తమ దెబ్బలకు నువ్వులనూనె కాచి సీసాలో పోసింది. పోస్టాఫీసువాళ్ళు కారుతుందని తీసుకోలేదు. వాళ్ళతో ఇంకా మాట్లాడుతూనే ఉంది.

*

లండన్.
1932 ఆగస్టు 8

మేష్టరు గారూ,

బంగళాకు ఎల్లకండి! ఎల్లిపోయి ఉంటే, ఎల్లినందుకు మీ కాళ్ళకు దండం.

నాను సక్కగా నడుస్తన్నాను. గుడ్డ అంటే సినిమా. మీ తప్పు కాదు, సినిమాకి తెలుగేటో నా నోటుబుక్కులో లేదు. కామెడీ అంటే నవ్వుల నాటకం. మలాయీ కోమిడి కాదు. ఇన్ని రోజులు మీరు నన్ను గుర్రాల కాడ నిలబెట్టినారని ఇప్పుడు తెలిసి నాను కుర్చీలోంచి పడినాను. ఇది రాసుకున్న పాటు కాదు.

ఇప్పుడు ఒక సంగతి సెప్తాను. ఇరవయ్యొక్క ఏళ్ళు ఎవలికీ సెప్పలేదు.

పాలు, పళ్ళు నాకు తెలుసు మేష్టరూ. నూకమ్మ గారికి పళ్ళన్నీ ఉన్నాయి కదా, ఆవిడ పాలు అంటే ఇన్నాను. పరీక్ష నెల మీకు గుర్తుందా? జ్వరాలకు లైన్లలో తొమ్మిది మంది పోయినారు. పెరట్టులో ఎవలూ తల ఎత్తేవోళ్ళు కాదు. పరీక్ష దొర నన్ను మాటాడమన్నాడు. ఎదురుగా అన్ని వంగిన తలలు. నా నోట్లో సరైన మాటే ఉంది. తెలిసే తప్పు మాట అన్నాను. ముందు వరసలో ఒక ఆడమనిషి కిసుక్కుమంది. తరవాత అందరూ. ఆ నవ్వు ఇన్నాక నా పని ఏదో నాకు తెలిసిపోయింది. ఉద్యోగం పోలేదు మేష్టరూ, ఆ రోజే దొరికింది.

మీ మొహం సూసి సెప్పడానికి సిగ్గేసి ఓడ ఎక్కేసినాను. మీరు బాధ పడతారని తెలీదు. మీరే నన్ను క్షమించాలి.

ఇప్పుడు నాను ఆడే నాటకంలో ఆ పరీక్ష ఉంది. "నీకు ఈ భాష నేర్పినదెవడు?" అని పరీక్ష దొర అరుస్తాడు. నాను ఛాతీ ఇరుచుకుని "కూర్మయ్య గారు!" అంటాను. రోజూ ఎనిమిది వందల మంది సప్పట్లు. ఆట కాగితం పంపుతున్నాను. అందులో మీ పేరు అచ్చులో ఉంది.

ఇట్లు,
మీ శిష్యుడు
పెర్సీ

తా.క. మొదట నవ్విన ఆడమనిషి ఎవరో నాకు తెలుసు. ఆవిడకు నూనె అందినట్టే అని సెప్పండి.

*

బుకిత్ లాడా తోట.
1932 సెప్టెంబరు 26

హగ్గిన్ దొరగారికి, తమ మేష్టరు కూర్మయ్య ఆశీర్వదించి రాసినది.

ఆశీర్వదించి అని రాసి, కొట్టేద్దామనుకున్నాను. నూకమ్మ కొట్టేయనివ్వలేదు.

ఆట కాగితం యేసుదాసు చేత మూడుసార్లు చదివించాను. "లండన్‌లో నన్ను చూసి నవ్వుతున్నారా?" అని అడిగాను. "నిన్ను సూసి కాదు మావా, పరీక్ష దొరని సూసి. నీ పేరుకి సప్పట్లు కొడతన్నారు" అన్నాడు. కాగితం లైన్లన్నీ తిరిగి వచ్చింది. ఒక మూల కూర వాసన వేస్తోంది. నాకు నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

నూకమ్మ, "నానప్పుడే అన్నాను. ఆ దొర మొద్దోడు కాడు, దొంగోడు" అంది. అలా అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు.

నేను బంగళాకు వెళ్ళిపోయాను. తమ ఉత్తరం అందేలోపే. మెట్లెక్కి, పెద్ద దొర ఎదుట నిలబడి, "హగ్గిన్ దొరకు తెలుగు నేర్పినది నేనే" అన్నాను. అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. ఆయన తమ బొమ్మ పేపర్లో చూసి ఉన్నారట. కుర్చీ లోంచి లేచి నా చెయ్యి పట్టుకుని ఊపారు. మర్నాటి నుంచి కొత్తగా వచ్చిన చిన్న దొరను నా దగ్గరకు పాఠానికి పంపుతున్నారు. లైన్లలో అందరూ నన్ను మేష్టరు అంటున్నారు. పిలిస్తే మొదటిసారి పలకడం లేదు. రెండోసారి పిలిపించుకుంటున్నాను.

ఇప్పుడు అసలు కష్టం. ఈ చిన్న దొర నూకమ్మ నోట విని నేర్చుకుంటున్నాడు. ఒక్క తప్పు లేదు. మనవాళ్ళ కంటే బాగా పలుకుతున్నాడు. ఒక్కరూ నవ్వడం లేదు. కుర్రాడు మంచివాడు. ఇలాగే పోతే పరీక్ష నెగ్గి జన్మంతా ఈ తోటలోనే ఉండిపోతాడని భయంగా ఉంది.

ఒక్క మాటైనా తప్పు నేర్పనా, వద్దా? ఏ మాటో తమరే చెప్పాలి, ఆ విద్య తమది. పరీక్ష డిసెంబరు పదో తారీఖున. ఓడ మీద ఉత్తరం నెల పడుతుంది. ఈ కాగితం చూసిన రోజే జవాబు రాసి పోస్టులో వేయండి.

ఇట్లు,
కూర్మయ్య మేష్టరు